కొత్తగా మేకప్ మొదలుపెట్టాలి, ముందు ఏం కొనాలి?

దేవరకొండ పిల్ల:

అక్కలందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర ఊరు. ఈ ఏడే నల్లగొండలో ఒక ప్రైవేట్ స్కూల్లో టీచర్‌గా చేరాను. ఇప్పటిదాకా పౌడర్, కాటుక, స్టిక్కర్ తప్ప ముఖానికి ఇంకేమీ పెట్టుకోలేదు. వచ్చే నెల మా పెద్దమ్మ కూతురి పెండ్లి. ఆ ఒక్క రోజుకే కాదు, రోజూ స్కూల్‌కు పోయేటప్పుడు కూడా కొంచెం నీట్‌గా కనబడాలని ఉంది.

నాది చామనఛాయ. ముక్కు, నుదురు జిడ్డు కారతాయి, బుగ్గలు మాత్రం పొడిగా ఉంటాయి. పాత మొటిమల మచ్చలు కూడా ఉన్నాయి. ప్రకాశం బజార్‌లో ఒక షాపులో అడిగితే ప్రైమర్ నుంచి సెట్టింగ్ స్ప్రే దాకా అన్నీ కౌంటర్ మీద పేర్చారు. నా రంగు కంటే బాగా తెల్లగా ఉన్న ఫౌండేషన్ (ముఖమంతా రాసే రంగు క్రీము) చేతి మీద రాసి, "ఇది వేస్తే తెల్లగా కనబడతావమ్మా" అన్నారు. మనసు చివుక్కుమంది, ఏమీ కొనకుండా వచ్చేశాను. పదిహేను వందల్లో ఏం కొనుక్కోవచ్చు? రోజూ బస్సు ప్రయాణం, ఎండ, చెమట. ఇందులో మేకప్ నిలుస్తుందా?

మిర్యాలగూడ పార్లర్ అక్క:

చెల్లె, కొనకుండా వచ్చి మంచి పని చేశావు. నేను పెండ్లికూతుళ్ళకు మేకప్ వేస్తాను. ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు అయ్యేది సరిగ్గా అట్లాంటి షేడ్ తోనే. ఫొటోలో ఇంకా ఎక్కువ తెలుస్తుంది, బూడిద పూసినట్టు వస్తుంది. చామనఛాయకు చామనఛాయ షేడే అందం. అది అడిగి తీసుకో, మొహమాటపడకు.

షేడ్ చేతి మీద చూడొద్దు. చేతి రంగు వేరు, ముఖం రంగు వేరు. చెవి కింద నుంచి దవడ మీదుగా మెడ వైపు రెండు మూడు షేడ్లు గీతలుగా రాయించుకో. ట్యూబ్‌లైట్ కింద నిర్ణయించకుండా షాపు బయటికి వచ్చి పగటి వెలుతురులో అద్దం చూసుకో. అప్పుడే కొనకు కూడా. ఒక చాయ్ తాగినంత సేపు ఆగు. చాలా ఫౌండేషన్లు గాలికి, జిడ్డుకు కొంచెం ముదురుతాయి. అప్పటికీ చర్మంలో కలిసిపోయి కనిపించకుండా ఉన్న గీతే నీ షేడ్. ఇంకొకటి, ఇంట్లో నలుగు పెట్టిన మరుసటి రోజు షేడ్ చూడబోకు. పసుపు అంటుకొని ఉంటుంది, లెక్క తప్పుతుంది.

అయితే నీకు ఇప్పుడే ఫౌండేషన్ అక్కర్లేదు. నీ డబ్బులకు సన్‌స్క్రీన్, నీ రంగు కాంపాక్ట్ (డబ్బీలో గట్టిగా అదిమిన పౌడర్), నీళ్ళకు చెదరని కాటుక, ఒక లిప్‌స్టిక్ వస్తాయి. సన్‌స్క్రీన్ మీద వెనకాడకు. ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే ఎస్‌పీఎఫ్ అంకె 30 గానీ అంతకు మించి గానీ ఉండాలి. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు తీస్తే ముఖానికీ మెడకూ సరిపోతుంది. మన నల్లగొండ ఎండలకు మచ్చలు ఇంకా నల్లబడతాయి, వాటిని కప్పే ఖర్చు కంటే ముదరకుండా ఆపే ఖర్చే తక్కువ. పొడిగా ఉన్న బుగ్గలకు ముందు కొంచెం మాయిశ్చరైజర్ రాయి. సన్‌స్క్రీన్ ఇంకాక కాంపాక్ట్ ముక్కుకు, నుదుటికి, గడ్డానికి మాత్రం అద్దు. బుగ్గల మీద వేస్తే పొట్టు లేచినట్టు కనబడుతుంది.

లిప్‌స్టిక్‌లో మెరూన్, ఇటుక రంగు, వక్క రంగు నీకు బాగుంటాయి. ఆ లిప్‌స్టిక్‌నే వేలికి కొంచెం తీసుకొని బుగ్గల మీద తట్టి కలిపితే బ్లష్ కొనే పని లేదు.

చెమట పడితే దాని మీదే పౌడర్ కొట్టకు, ముద్దలు కడుతుంది. ముందు టిష్యూతో గానీ, మెత్తటి నూలు రుమాలుతో గానీ ఒత్తి తీయి, రుద్దకు. తర్వాత పలచగా కాంపాక్ట్. బస్సు దిగినాక రెండు నిమిషాల పని.

పాలమూరు స్టాఫ్ నర్స్:

అక్క చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. నేను ఒక్కటే గట్టిగా చెప్తాను. పెండ్లి దగ్గర పడుతుందని మచ్చలకు, తెలుపుకు అంటూ ఎవరో చెప్పిన క్రీము ట్యూబులు తెచ్చి రాయకండి. డబ్బా మీద బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మోమెటాసోన్ అని ఉంటే అవి స్టెరాయిడ్లు. డాక్టర్ రాస్తేనే, చెప్పినన్ని రోజులే వాడాలి. మొదట ముఖం తేటపడ్డట్టే ఉంటుంది, తర్వాత చర్మం పలచబడి ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలు విరగబడి వస్తాయి. ఆపితే మంట. ఆడపిల్లలు ఆ ముఖంతో ఓపీకి వచ్చి ఏడుస్తుంటే చూడలేం.

ఏది కొన్నా బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ, తయారుచేసిన కంపెనీ అడ్రస్, లైసెన్స్ నంబర్ డబ్బా మీద ఉన్నాయో లేదో చూడు తల్లీ. కొత్తది ముందు చెవి వెనక కొంచెం రాసి ఒక రోజు ఆగు. దురద, దద్దు వస్తే పక్కన పెట్టెయ్యి.

దేవరకొండ పిల్ల:

అక్కలూ, చాలా థ్యాంక్స్, టెన్షన్ పోయింది. ఇంకో డౌట్. రాత్రి కాటుక పోవడానికి సబ్బుతో రుద్దితే కళ్ళు మండుతున్నాయి. మా దగ్గర బోరు నీళ్ళు, నురగే రాదు. పెండ్లికి ముందు ఫేషియల్ ఎప్పుడు చేయించుకోవాలి?

మిర్యాలగూడ పార్లర్ అక్క:

సబ్బు మానెయ్యి. దూదికి కొబ్బరినూనె అద్ది, మూసిన కంటి మీద కాసేపు ఆనించి పెట్టు, కాటుక కరిగాక కిందికి తుడువు. ఆ తర్వాత మైల్డ్ ఫేస్‌వాష్‌తో కడుక్కో. బోరు ఉప్పు నీళ్ళతో సబ్బు తెట్టు కట్టి చర్మాన్ని ఇంకా ఎండబెడుతుంది, ఆఖర్న ఒక చెంబు ఫిల్టర్ నీళ్ళు చల్లుకుంటే మేలు.

ఫేషియల్ పెండ్లికి ఐదారు రోజుల ముందే చేయించుకో, థ్రెడింగ్ రెండు రోజుల ముందు. ఎప్పుడూ చేయించుకోని బ్లీచ్ ఇప్పుడు మొదలుపెట్టకు. నీ కాటుక, లిప్‌స్టిక్ మాత్రం పెండ్లి ఇంట్లో ఎవరికీ ఇవ్వకు. కండ్లకలకలు అట్లాగే అంటుకుంటాయి. అడిగితే చెల్లెళ్ళకు నువ్వే దూదిపుల్లతో తీసి పెట్టు.