ఎంపీ4 ఫైళ్లు డీవీడీలో రాశాను, ప్లేయర్ పట్టట్లేదు. ఎవరైనా చెప్పండి

గోదారి గట్టు: పొద్దున తొమ్మిదింటికి కూర్చున్నా, ఇప్పుడు నాలుగైంది. ఐదు డిస్కులు దండగ. పెళ్లి వీడియో ఫైళ్లు కంప్యూటర్లో బ్రహ్మాండంగా ప్లే అవుతున్నాయి. డిస్కులో రాసి అదే కంప్యూటర్లో పెట్టినా బాగానే వస్తున్నాయి. హాల్లో ప్లేయర్లో పెడితే మాత్రం కాసేపు గిర్రున తిరిగి "నో డిస్క్" అంటుంది. ఒకసారి "బ్యాడ్ డిస్క్" అంది. కొన్న సినిమా డిస్కులన్నీ ఆడుతున్నాయి, కాబట్టి ప్లేయర్ తప్పు కాదు. ఎంపీ4ని డీవీడీకి కన్వర్ట్ చేసే సాఫ్ట్‌వేర్ ఒక్కటి చెప్పండి చాలు. రేపు సాయంత్రానికి కావాలి.

నల్లపెట్టె: ప్లేయర్ ఏ కాలంది? డిస్క్ మీద డీవీడీ-R (మైనస్ ఆర్) అని ఉందా, డీవీడీ+R (ప్లస్ ఆర్) అని ఉందా? దేంతో రాశారు?

గోదారి గట్టు: మామూలు డీవీడీ ప్లేయరే అండి. డిస్కులు కూడా మామూలు 4.7 జీబీవే. విండోస్‌లోనే రాశా.

నల్లపెట్టె: అడిగిన మూడింటిలో ఒక్కదానికే జవాబు.

పెన్‌డ్రైవ్ పార్టీ: ఈ రోజుల్లో డిస్కులేంటి బ్రదర్! పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి ఫైళ్లు వేసి టీవీకి గుచ్చండి, ఐదు నిమిషాల పని. ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు, అదొక్కటే చూసుకోండి. డిస్కుకి ఖర్చు, రైటర్‌కి ఖర్చు, మళ్లీ గీతలు. ఎందుకొచ్చిన గోల?

గోదారి గట్టు: టీవీ పాత డబ్బా టీవీ. యూఎస్‌బీ లేదు. ప్లేయర్‌కీ లేదు. ఎరుపు తెలుపు పసుపు వైర్లే.

ఫీల్డ్ ఆర్డర్: ఇది మొదటి పోస్టులో ఉండాల్సిన ముక్క. యూఎస్‌బీ కూడా లేని ప్లేయర్ అంటే సినిమా డిస్కు తప్ప ఇంకోటి ఎరగదనే అనుకుందాం.

ఖాళీ డిస్కు పెట్టగానే విండోస్ రెండు దారులు చూపిస్తుంది. "యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్ లాగా", లేదా "సీడీ/డీవీడీ ప్లేయర్‌తో". మొదటిది నొక్కితే ప్లేయర్ అసలు డిస్కునే గుర్తుపట్టదు, మీకొచ్చిన "నో డిస్క్" అదే అయి ఉంటుంది. రెండోది పేరు చూసి అందరూ మోసపోతారు. అందులోనూ మీ ఎంపీ4 ఎంపీ4గానే పడుతుంది, ఏదీ మారదు. డిస్కుని ప్లేయర్ చదువుతుందే కానీ లోపల దానికి అర్థమయ్యేది ఏమీ ఉండదు.

దానికి కావలసినవి ఇవి: వీడియో ఎంపెగ్-2లో, పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) అయితే 720×576 సైజు, సెకనుకి 25 ఫ్రేములు. ఆడియో ఏసీ3, 48 కిలోహెర్ట్జ్. ఇవన్నీ వీడియో_టీఎస్ అనే ఫోల్డర్‌లో ఐఎఫ్ఓ (సూచిక), బీయూపీ (దాని నకలు), వీఓబీ (అసలు వీడియో) ఫైళ్లుగా ఉండాలి. డీవీడీస్టైలర్ ఉచితం, ఈ మొత్తం అదే చేస్తుంది. కొత్త ప్రాజెక్టులో 4.7 జీబీ, పాల్, 16:9, ఏసీ3 ఎంచుకుని ఫైళ్లు లాగి పడేయండి. చివర్లో నేరుగా బర్న్ కొట్టకండి, ఐఎస్ఓ ఇమేజ్ (మొత్తం డిస్కు ఒకే ఫైలుగా) చేయించండి. దాన్ని వీఎల్‌సీలో తెరిచి చూసుకోండి, బాగుంటేనే డిస్కు మీదకి. డిస్కులు మిగులుతాయి.

మొత్తం ఎన్ని గంటలు?

గోదారి గట్టు: నాలుగు గంటల పది నిమిషాలు. ఒక్క డిస్కులో రావాలి.

ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఏకలవ్య: కన్వర్షన్‌కి ఇంత తతంగం ఎందుకు? ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే కమాండ్ టూల్‌లో టార్గెట్ దగ్గర పాల్-డీవీడీ అని ఇస్తే ఒక్క లైనుతో ఎంపీజీ ఫైలు బయటికొస్తుంది.

ఫీల్డ్ ఆర్డర్: వస్తుంది. ఆ ఎంపీజీని డిస్కులో వేస్తే ఇంకో డిస్కు దండగ. కన్వర్షన్ వేరు, ఆథరింగ్ (ప్లేయర్‌కి కావలసిన ఫోల్డరు కట్టడం) వేరు. ఐఎఫ్ఓలు కట్టడానికి డీవీడీఆథర్ లాంటిది మళ్లీ కావాలి. పైగా ఆ టార్గెట్ సెకనుకి వీడియోకి 6,000 కిలోబిట్లు, ఆడియోకి 448 పెట్టేస్తుంది. డిస్కుకి గంటా ముప్పావు వీడియో కూడా పట్టదు.

ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఏకలవ్య: కన్వర్షన్, ఆథరింగ్ అంటూ పెద్ద మాటలెందుకండి. మన ఊళ్లలో అందరూ "డీవీడీ కొట్టించడం" అనే అంటారు, పనైపోతుంది.

నల్లపెట్టె: కొట్టించుకునేవాడికి ఒకటే మాట చాలు. కొట్టేవాడికి మూడు కావాలి: కన్వర్షన్, ఆథరింగ్, బర్నింగ్.

చెదలు పట్టని డిస్కు: అసలు ముఖ్యమైన విషయం ఎవరూ మాట్లాడట్లేదు. పెళ్లి వీడియో అంటే మనవలు చూడాల్సింది. రాసుకునే డిస్కులో డేటా నిలిచేది రంగు పొరలో. ఎండకి, వేడికి అది పాడవుతుంది. పైన స్టిక్కర్ లేబుళ్లు అంటించకండి, బరువు ఒక పక్కకి లాగి డిస్కు ఊగుతుంది. స్కెచ్ పెన్ను వాడితే మధ్యలో ప్లాస్టిక్ రింగు మీదే రాయండి. నిలబెట్టి దాచండి. ఒరిజినల్ ఎంపీ4లు రెండు హార్డ్ డిస్కుల్లో ఉంచుకోండి. 720×576కి దించాక పోయిన వివరం తిరిగి రాదు.

ఫీల్డ్ ఆర్డర్: నిజమే, కానీ ఆయనకి రేపు సాయంత్రం కావాలి, మనవలు కాదు.

ఇక నాలుగు గంటల పది నిమిషాల లెక్క చూద్దాం. డిస్కులో పట్టేది సుమారు 37,600 మెగాబిట్లు. 15,000 సెకన్లతో భాగిస్తే సెకనుకి రెండున్నర మెగాబిట్లు, అందులోంచి ఆడియో 192 కిలోబిట్లు పోవాలి. నిండు సైజులో ఆ రేటుకి తలంబ్రాలు పోసేటప్పుడు అంతా గళ్లు గళ్లుగా వస్తుంది. రెండు డిస్కులు చేయండి, ఒక్కోదానికి 4,600 కిలోబిట్లు వస్తాయి, హాయిగా ఉంటుంది. ఒక్కటే కావాలంటే 352×576 సైజు వాడండి. అది కూడా ప్రమాణంలో ఉన్నదే, డబ్బా టీవీలో పెద్ద తేడా పట్టలేరు.

రాసిన డిస్కు వెనక్కి తిప్పి దీపానికి ఏటవాలుగా పట్టుకుంటే మధ్య నుంచి బయటికి రంగు ఒక వలయంగా తేడాగా కనిపిస్తుంది. అది అంచు దాకా పోకుండా 4.3 జీబీ దగ్గర ఆపండి. పాత ప్లేయర్లు తడబడేది ఆ చివరి అంచులోనే. రాసే వేగం 4ఎక్స్ లేదా 8ఎక్స్.

నల్లపెట్టె: మైనస్ ఆర్ కొనండి. ప్లస్ ఆరే ఉంటే ఇమ్‌గ్‌బర్న్‌లో బుక్ టైప్ (డిస్కు తన రకం ఏదో ప్లేయర్‌కి చెప్పే గుర్తు) డీవీడీ-రామ్ కాదు, రోమ్ అని పెట్టండి. రైటర్ ఒప్పుకుంటేనే.

ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఏకలవ్య: ఆర్‌డబ్ల్యూ (చెరిపి మళ్లీ రాసుకునే) డిస్కు మీద పరీక్ష చేసుకోవచ్చుగా?

నల్లపెట్టె: దాని మెరుపు తక్కువ, కాంతిని తక్కువ తిప్పికొడుతుంది. పాత లెన్సు చదవకపోతే తప్పు ఎవరిదో తెలీదు.

గోదారి గట్టు: డీవీడీస్టైలర్‌తో చేశా, వచ్చింది!! కానీ పెళ్లికూతురు మాట ముందు, పెదాలు తర్వాత. మొదట్లో బానే ఉంది, పోనుపోను ఎక్కువవుతోంది. అన్ని ఫైళ్లలో కాదు.

ఫీల్డ్ ఆర్డర్: ఆ ఫైళ్లు ఫోన్‌లో తీసినవా?

గోదారి గట్టు: అవును, సగం తమ్ముడి ఫోన్‌లోవి. చెప్పలేదా?

నల్లపెట్టె: లేదు.

ఫీల్డ్ ఆర్డర్: ఫోన్లు ఫ్రేము రేటు నిలకడగా ఉంచవు. ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫోలో "వేరియబుల్" అని చూపిస్తుంది. ఆ ఫైళ్లని ముందు హ్యాండ్‌బ్రేక్ అనే కన్వర్టర్‌లో వేసి "కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్" పెట్టి తీయండి, తర్వాతే స్టైలర్‌లోకి. ఫోన్‌వి 30 ఫ్రేములైతే వాటిని విడిగా ఎన్‌టీఎస్‌సీ (సెకనుకి సుమారు 30 ఫ్రేములుండే అమెరికా టీవీ పద్ధతి) డిస్కు చేయడం మేలు, 25కి దించితే నడక కుదుపుగా ఉంటుంది.

చెదలు పట్టని డిస్కు: ఇండియాలో ఎన్‌టీఎస్‌సీయా? మనది పాల్ దేశం.

ఫీల్డ్ ఆర్డర్: దేశం పాల్‌దే. ఇక్కడ అమ్మిన ప్లేయర్లు చాలావరకు రెండూ ఆడతాయి. టీవీ బొమ్మ నలుపు తెలుపుగా వస్తే ప్లేయర్ సెటప్‌లో టీవీ సిస్టమ్ "పాల్" చేయాలి.

చెదలు పట్టని డిస్కు: "చాలావరకు" అన్న మాట మీద పెళ్లి డిస్కు కొట్టకూడదు.

పెన్‌డ్రైవ్ పార్టీ: అందుకే పెన్‌డ్రైవ్ అన్నది.

గోదారి గట్టు: హ్యాండ్‌బ్రేక్‌తో సరిపోయింది. అన్నీ పాల్‌లోనే పెట్టేశా, రెండు డిస్కులు. థ్యాంక్స్ అందరికీ.

కొత్త సభ్యుడు: సార్, నాదీ ఇదే సమస్య. ప్లేయర్ మామూలుదే. ఏం చేయాలి?