కొనడం మానేసిన రూపాయి ఎక్కడికి పోతుంది?

గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

ఆదివారం మధ్యాహ్నం వంటింటి అలమరలో ఉన్నవన్నీ దింపి భోజనాల బల్ల మీద పరిచాను. మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గుంపులో మళ్ళీ ఆ జాబితా వచ్చింది. ఒక వరుసలో విదేశీ కంపెనీలు, కొనవద్దని. రెండో వరుసలో స్వదేశీ, ఇవే కొనమని. 2020లో చైనా ఫోన్ల మీద వచ్చింది, 2025 మేలో పాకిస్థాన్‌కు అండగా నిలిచిందని టర్కీ ఆపిల్ పండ్ల మీద వచ్చింది, అదే ఏడాది ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు శీతల పానీయాల మీద, సబ్బుల మీద వచ్చింది. దేశం పేరు మారుతోంది, జాబితా తిరుగుతూనే ఉంది.

నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. 1907లో బిపిన్ చంద్రపాల్ మా ఊరు వచ్చి ఉపన్యాసాలిచ్చిన సంగతి, వందేమాతరం అన్నందుకు కళాశాల విద్యార్థులు చదువులు పోగొట్టుకున్న సంగతి ఏటా పిల్లలకు చెబుతాను. అలాంటి ఊళ్ళో ఉంటూ ఆ జాబితాను చదవకుండా చెరిపేయడానికి నాకు మనసొప్పలేదు.

లేబుళ్ళు చదివాను. టూత్‌పేస్టు అమెరికా కంపెనీది. టీపొడి, బట్టల సబ్బు, షాంపూ మూడూ ఒకే కంపెనీవి. దాని పేరులో హిందుస్థాన్ ఉంది, వాటాల్లో దాదాపు 62 శాతం మాత్రం బ్రిటన్‌కు చెందిన యూనిలీవర్‌ది. హార్లిక్స్ కూడా 2020 నుంచి వాళ్ళదే. అయితే ఆ హార్లిక్స్ కర్మాగారం మా పక్కనే ధవళేశ్వరంలో ఉంది. అక్కడి జీతంతో చదువుకున్న పిల్లలు నా తరగతి గదిలో కూర్చున్నారు. మా నాన్నగారు బాటా చెప్పులు మన దేశానివే అనుకుంటూ జీవితమంతా తొడుక్కున్నారు. ఆ కంపెనీ పుట్టింది నేటి చెక్ దేశంలో. సంతూర్ సబ్బు, టాటా ఉప్పు, అమృతాంజనం మాత్రం నిస్సందేహంగా మనవి.

రెండు గంటలు కూర్చున్నాక తల బరువెక్కింది. ఇలా చూసి చూసి మానేయడం వల్ల నిజంగా ఏమైనా జరుగుతుందా? జరిగితే ఎవరికి జరుగుతుంది? మీ మీ పనుల్లో చూసినది చెప్పండి. ఇంకొకటి, బార్‌కోడ్ 890తో మొదలైతే భారతీయ సరుకని జాబితా కింద రాశారు. నా టూత్‌పేస్టు మీద కూడా 890 ఉంది. అదెలా?


అంగడి వీధి (తెనాలి)

టీచరు గారూ, ముందు 890 సంగతి. ఆ అంకెలు బార్‌కోడ్ నంబరు ఇచ్చిన సంస్థను సూచిస్తాయి. మన దేశంలో జీఎస్1 ఇండియా దగ్గర నమోదైన కంపెనీ ఏ దేశానిదైనా, సరుకు ఎక్కడ తయారైనా 890 పడుతుంది. తయారీ ఎక్కడో తెలియాలంటే వెనుక సన్న అక్షరాల్లో చిరునామా చూడాలి, దిగుమతి సరుకైతే దేశం పేరు చూడాలి. యజమాని ఎవరన్నది అక్కడ కూడా ఉండదు.

మా కిరాణా కొట్టు మా నాన్నగారు పెట్టింది. ఆ సుంకాల గొడవ సమయంలో మా వీధి కుర్రాడు వచ్చి "బాబాయ్, కోక్ వద్దు, మన థమ్సప్ ఇవ్వండి" అన్నాడు. 1977లో కోక్ దేశం విడిచి వెళ్ళినప్పుడు పుట్టిన పానీయం అది, 1993లో కోక్ తిరిగి వచ్చి దాన్ని కొనేసింది అని చెప్పాను. సీసా బల్ల మీద పెట్టేసి, ఫ్రిజ్ తలుపు పట్టుకుని లోపలికి చూస్తూ నిలబడ్డాడు. పై అర నుంచి కింది అర దాకా రంగులు వేరు, కంపెనీ ఒకటే. "మరి ఏం తాగాలి?" అని అడిగాడు. రామచంద్రపురంలో చేసే మన ఆర్టోస్ పానీయం ఉంటే ఇచ్చేవాణ్ణి. నా దగ్గర లేదు.

ఎందుకు లేదో చెప్పాలి, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది. ఆ ఫ్రిజ్ నాది కాదు. ఒక పానీయాల కంపెనీ ఉచితంగా పెట్టింది, తమ సీసాలు తప్ప వేరేవి పెట్టకూడదన్న షరతు మీద. కరెంటు బిల్లు నాది, ఫ్రిజ్ వాళ్ళది. సబ్బుల సంగతీ అంతే. పెద్ద కంపెనీ సేల్స్‌మ్యాన్ ప్రతి మంగళవారం వస్తాడు, వారం అరువిస్తాడు, డజను మీద ఒకటి స్కీము ఇస్తాడు, తేదీ దాటిన సరుకు వెనక్కి తీసుకుంటాడు. మన పక్క ఊరి సబ్బుల తయారీదారు మోపెడ్ మీద అట్టపెట్టె కట్టుకుని వస్తాడు. సబ్బు మంచిదే. కానీ అతనికి చేతిలో నగదు కావాలి, అమ్ముడుపోనిది తిరిగి తీసుకునే శక్తి అతనికి లేదు. మీరు కొట్టుకు వచ్చి వేలు చూపించేలోగా మీ ఎంపిక సగం అయిపోయి ఉంటుంది.

అందుకని నా మాట ఒక్కటే. ఏది వద్దో చెప్పి వెళ్ళిపోకండి. ఏది కావాలో పేరు పెట్టి అడగండి. పదిమంది అడిగితే, నెలకు రెండు డజన్లు పోతాయని నమ్మకం కుదిరితే, నేను నగదు పెట్టి తెప్పిస్తాను.


మూసీ తీరం (సూర్యాపేట)

2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో 20 మంది సైనికులు పోయారు. వారిలో కర్నల్ సంతోష్ బాబు మా ఊరివారు. అంతిమయాత్ర రోజు నేను రోడ్డు పక్కన నిలబడి పూలు చల్లాను. ఆ తర్వాత మా ఇంట్లోకి చైనా ఫోను రాలేదు, రానివ్వను. లోపలి భాగాలు చైనావే కదా అంటారు. తెలుసు. అయినా చేస్తాను.

"అంతా మానలేవు కాబట్టి కొంచెం కూడా మానకు" అనే వాదన నాకు మింగుడు పడదు. ఏకాదశి ఉపవాసం ఉన్నవాణ్ణి పట్టుకుని మంచినీళ్ళు ఎందుకు తాగావని నిలదీసినట్టు ఉంటుంది. చేయగలిగినంత చేస్తున్నవాడి చేతకానితనం వెతకడం చాలా సులువు.

పని జరగదంటారా? జల్లికట్టు ఉద్యమం తర్వాత 2017 మార్చి 1 నుంచి తమిళనాడు వర్తక సంఘాలు కోక్, పెప్సీ అమ్మబోమని ప్రకటించాయి. వాళ్ళ స్థానిక పానీయం బొవొంటోకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. అంగడి వీధి గారు చెప్పిన ఫ్రిజ్ అక్కడి కొట్లలోనూ ఉండే ఉంటుంది కదా. వాళ్ళు చేయగా లేనిది మనం ఎందుకు చేయలేం?


జీడిమెట్ల (హైదరాబాద్)

సోదరా, మీ బాధను తక్కువ చేయను. కానీ లెక్క చూడండి. 2020-21లో చైనా నుంచి మన దిగుమతులు సుమారు 65 బిలియన్ డాలర్లు. 2023-24లో అది వంద బిలియన్లు దాటింది. మీరూ నేనూ కొట్లో కొనేవి అందులో కొద్ది భాగమే. మిగతావి యంత్రాలు, విడిభాగాలు, రసాయనాలు.

నేను మందుల పరిశ్రమలో కెమిస్టును. పిల్లవాడికి గొంతు నొప్పి వస్తే డాక్టరు రాసే అమాక్సిసిలిన్ హైదరాబాద్‌లో తయారై ఉండవచ్చు. దాని మూలమైన పెన్సిలిన్-జి చాలా ఏళ్ళుగా చైనా నుంచే వస్తోంది. ఒకప్పుడు మనమే చేసేవాళ్ళం. వాళ్ళు చవగ్గా ఇవ్వడం మొదలుపెట్టాక మన ప్లాంట్లు ఒక్కొక్కటీ మూతబడ్డాయి. మందుల దుకాణం ముందు నిలబడిన తల్లి దేన్ని బహిష్కరించాలి? కాకినాడ జిల్లాలో మళ్ళీ పెన్సిలిన్-జి ప్లాంటు వచ్చిందంటే ప్రభుత్వం ఉత్పత్తి ప్రోత్సాహకం ఇచ్చింది, ఒక కంపెనీ పెట్టుబడి పెట్టింది. ఎవరూ మాత్రలు మానేయలేదు. మీరు చెప్పిన కోక్ కూడా 1977లో వెళ్ళింది విదేశీ మారక చట్టం వల్లే, తాగేవాళ్ళు వద్దన్నందువల్ల కాదు.


మూసీ తీరం (సూర్యాపేట)

చట్టం ఆకాశం నుంచి ఊడిపడదు కదండీ. జనం కోపంగా ఉన్నారని తెలిస్తేనే ప్రభుత్వం కదులుతుంది. గల్వాన్ జరిగిన రెండు వారాలకు టిక్‌టాక్ సహా 59 యాప్‌లు నిషేధించారు. ఆ రెండు వారాల్లో వీధుల్లో కనిపించిన కోపానికి అందులో పాత్ర లేదని నేననుకోను.


ఉప్పుటేరు (భీమవరం)

నాది రొయ్యల చెరువు. ఈ చర్చలో నాలాంటి వాడి గొంతు కూడా వినబడాలి.

మేం వేసే వనామీ మన నేల రొయ్య కాదు. 2009లో అనుమతి ఇచ్చారు. తల్లి రొయ్యలు విమానంలో ఎక్కువగా అమెరికా నుంచి వస్తాయి, చెన్నైలో క్వారంటైన్ చేస్తారు, ఆ తర్వాతే పిల్లలు తీసే హేచరీకి, అక్కడి నుంచి మా చెరువులోకి సీడు, అంటే రొయ్య పిల్లలు. మేత కంపెనీల్లో థాయ్‌లాండ్ పెట్టుబడి ఉంది. పట్టుబడి అయ్యాక సరుకులో పెద్ద వాటా మళ్ళీ అమెరికాకే. అంటే నా చెరువుకు తలా తోకా రెండూ సముద్రం అవతల ఉన్నాయి. మధ్యలో నీళ్ళు, అప్పు, నిద్రలేని రాత్రులు మాత్రం నావి.

2025 ఆగస్టులో సుంకం వార్త వచ్చిన రోజు నా చెరువులో రొయ్య 60 కౌంట్‌కు వచ్చింది, అంటే కిలోకు 60. ఇంకో ఇరవై రోజులు మేత పెడితే 40 కౌంట్‌కు వస్తుంది, మంచి ధర పలుకుతుంది. ఆ ఇరవై రోజులు ఆగాలా, వెంటనే పట్టేయాలా? రాత్రి పది గంటలకు గట్టు మీద టార్చి వేసి, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగాను. మేత మొత్తం తినేసి, రొయ్యలు మెరుస్తూ ఎగురుతున్నాయి. ఇంత ఆరోగ్యంగా ఉన్న పంటను పట్టేయడానికి చేతులు రాలేదు. మర్నాడు కొనుగోలుదారు ధర తగ్గించాడు, ఆ మర్నాడు ఇంకా తగ్గించాడు. మూడో రోజు పట్టేశాను.

వచ్చిన డబ్బు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ల కరెంటు బిల్లుకు కూడా సరిపోలేదు. నేను ఎవరికీ ఏ అన్యాయమూ చేయలేదు. ఎక్కడో ఎవరో మరొక దేశాన్ని దారికి తేవాలనుకున్నారు, దెబ్బ నా చెరువు మీద పడింది. బహిష్కరణ అన్న మాట వినబడినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది టర్కీలో ఆపిల్ తోట పెట్టుకున్నవాడు. అతనికి తన ప్రభుత్వం ఏ దేశానికి ఏ ఆయుధం ఇచ్చిందో తెలిసి ఉంటుందా?

అలాగని నేను ఏమీ చేయవద్దనడం లేదు. దేశంలో ఇంత రొయ్య పండిస్తూ మన ఇళ్ళలో తినేది చాలా తక్కువ. హైదరాబాద్‌లో, విజయవాడలో వారానికి ఒకసారి అరకిలో రొయ్యలు కొనే ఇళ్ళు పెరిగితే మా మెడ అంత సులువుగా ఎవరి చేతికీ చిక్కదు. దేన్ని మానాలన్న జాబితాలు ఇన్ని తిరుగుతున్నాయి, మా రొయ్యను కొనమన్న జాబితా ఒక్కటీ నాకు రాలేదు.


పడుగు పేక (మంగళగిరి)

ఉప్పుటేరు గారి మాట చదివి నాన్నకు వినిపించాను. ఆయన మగ్గం ఆపి విన్నారు.

1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్ హాలులో విదేశీ వస్త్ర బహిష్కరణ తీర్మానం చేశారు. అందుకే 2015 నుంచి ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం జరుపుతున్నారు. ఆ రోజు మా వీధికి దండలతో నాయకులు వస్తారు. కానీ ఇప్పుడు మమ్మల్ని దెబ్బ తీస్తున్నది ఇంగ్లండులోని మాంచెస్టర్ మిల్లు బట్ట కాదు. మన దేశంలోనే మరమగ్గం మీద నేసి, మా ఊరి పేరు పెట్టి, సగం ధరకు అమ్మే చీర. మా చీరకు గుర్తైన నిజాం బార్డర్ అంచు కూడా అలాగే దించుతారు. మా అమ్మ కండెలు చుట్టి, నాన్న గుంట మగ్గంలో కాళ్ళు పెట్టి రోజుల తరబడి నేసినదానికి, గంటల్లో తయారైనదానికి తేడా ఏమిటని కొనేవారు అడుగుతారు. తప్పు వాళ్ళది కాదు, చూపించేవాడు లేడు.

1985లో 22 రకాల వస్త్రాలను చేనేతకే కేటాయిస్తూ చట్టం చేశారు. తర్వాత వాటిని 11కు కుదించారు. ఆ మిగిలిన పదకొండైనా సరిగా అమలు కావడం మేం చూడలేదు. ఇప్పుడు చెప్పండి, ఆ నకిలీ చీర నూటికి నూరు పాళ్ళూ స్వదేశీ. మీ జాబితాలో రెండో వరుసలోనే ఉంటుంది. దాన్ని కొంటే దేశసేవ అయినట్టేనా?


డాలస్ నుంచి

ఒక చిన్న మాట. ఇక్కడ మన కిరాణా దుకాణాల్లో ఆవకాయ సీసా, బియ్యం బస్తా ధరలు ఆ సుంకాల వల్ల పెరిగాయి. నా పక్కింటి అమెరికావాళ్ళకు ఆ సంగతే తెలియదు. భారతీయ సరుకు మీద వేసిన సుంకం ఇక్కడి భారతీయుల జేబులోంచే పోయింది. దెబ్బ ఎటు కొట్టినా ముందుగా మనవాళ్ళకే తగలడం చూసి బాధగా ఉంది.


గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. మూడు రోజులు మీ మాటలే మనసులో తిరిగాయి.

మూసీ తీరం గారూ, మీ ఫోను విషయంలో మీకు ఎవరూ సమాధానం చెప్పమని అడగకూడదు. ఆ పూలు చల్లిన చేతికి ఆ హక్కుంది. కానీ నా బల్ల మీదికి వచ్చిన జాబితాకు అలాంటి కారణం లేదు. ఎవరు తయారు చేశారో తెలియదు, ఏం కోరుతున్నారో తెలియదు, ఎప్పుడు ఆపాలో అంతకన్నా తెలియదు. తమిళనాడు వర్తకులకు కనీసం ఒక కోపం, దానికి ఒక పేరు ఉన్నాయి.

1907 గురించి నేను ఇన్నేళ్ళూ సగమే చెప్పానని ఇప్పుడు అర్థమైంది. విదేశీ బట్టలు మానేశారు, వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్నారు అని ఆపేసేదాన్ని. ఆ తరం మచిలీపట్నంలో 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టింది. అదే ఊళ్ళో పట్టాభి సీతారామయ్య 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బొంబాయిలో 1893లో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ వచ్చిన డబ్బుతో 1908 నుంచి ఆంధ్రపత్రిక నడిపారు. ఆ రోజుల్లో తలనొప్పికి పసుపు సీసా కొన్నవాడి అణా ఒక తెలుగు పత్రికలో అచ్చుకాగితమైంది. నేను టూత్‌పేస్టు మార్చితే నా రూపాయి ఒక పెద్ద కంపెనీ నుంచి ఇంకో పెద్ద కంపెనీకి పోతుంది. అంతకు మించి దానికి దారి ఉండాలన్నదే నా పట్టుదల.

కాబట్టి ఆ జాబితా చెరిపేశాను. హార్లిక్స్ సీసా తిరిగి అలమరలో పెట్టేశాను, ధవళేశ్వరం పిల్లల ముఖాలు గుర్తొచ్చి. నువ్వుల నూనె మా వీధి చివర గానుగ నుంచి తెచ్చుకుంటున్నాను. ఈ శనివారం మా ఇంట్లో రొయ్యల ఇగురు, ఉప్పుటేరు గారూ. పడుగు పేక గారూ, మా పాఠశాలలో పన్నెండు మంది ఉపాధ్యాయినులం ఉన్నాం. అసలు చీరను, మరమగ్గం చీరను పక్కపక్కన పెట్టి తేడా చూపించడానికి మీరు ఒకరోజు రాగలరా? ప్రయాణ ఖర్చు మాది.


పడుగు పేక (మంగళగిరి)

వస్తాం అమ్మా. నాన్నే వస్తానంటున్నారు. రెండు చీరలూ తెస్తాం, తిరగేసి చూపిస్తాం.


అంగడి వీధి (తెనాలి)

టీచరు గారూ, ఒక సాయం కావాలి. పాత ఫ్రిజ్ ఒకటి బేరం చేశాను, ఇది నా సొంతం. రామచంద్రపురం మీకు దగ్గరే కదా. ఆర్టోస్ వాళ్ళు తెనాలికి సరుకు పంపుతారేమో, కనీసం ఎన్ని కేసులు తీసుకోవాలో కనుక్కోగలరా? ఆ కుర్రాడు నిన్న కూడా వచ్చి అడిగి వెళ్ళాడు.