చిచెన్ ఇట్సా, వయ్యదోలిద్ ఒకే రోజులో: టూర్ బస్సు ఎక్కాలా, సొంతంగా వెళ్లాలా?

పసుపుసంచి:
మెక్సికోలో కాంకూన్‌లో నాలుగు రాత్రులు ఉంటున్నాం. ఒక రోజు మాయా అనే స్థానిక జాతివాళ్లు కట్టిన చిచెన్ ఇట్సా నగర శిథిలాలు, ఒక సెనోటే, స్పానిష్‌వాళ్లు కట్టిన వయ్యదోలిద్ ఊరు చూడాలి. సెనోటే అంటే సున్నపురాయి పైకప్పు కూలి, కిందున్న భూగర్భజలం బయటపడిన సహజమైన గుండం. మేం ఇద్దరం, తొమ్మిదేళ్ల బాబు, అరవై నాలుగేళ్ల అత్తగారు. ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. హోటల్లో అమ్మే టూర్ బస్సులో గైడ్, భోజనం, సెనోటే అన్నీ కలిపి ఉన్నాయి. కారు తీసుకుంటే మేలని కొందరంటున్నారు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

రాతిమెట్లు:
బస్సు వద్దండి. ధర కోసం కాదు, వేళ కోసం చెబుతున్నా. కాంకూన్ ఉన్నది కింతానా రో రాష్ట్రంలో, చిచెన్ ఇట్సా ఉన్నది యుకతాన్ రాష్ట్రంలో. కింతానా రో గడియారం యుకతాన్ కంటే గంట ముందుంటుంది, ఏడాది పొడవునా అంతే. గేటు తెరిచేది యుకతాన్ టైము 8కి, అంటే కాంకూన్‌లో 9 అయినట్టు. దూరం సుమారు 200 కిలోమీటర్లు, టోల్ రోడ్డు మీద రెండున్నర గంటలు. కాంకూన్‌లో 6:15కి బయల్దేరితే అక్కడి టైము 7:45కి గేటు ముందుంటారు. మొదటి గంటన్నర ఎండ తక్కువ, జనం తక్కువ, దారుల పక్కన బేరగాళ్లు అప్పుడప్పుడే బల్లలు సర్దుకుంటుంటారు.

మామూలు టూర్ బస్సు లెక్క వేరు. ఏడింటి నుంచి ఒక్కో హోటల్ దగ్గర ఆగి ఎక్కించుకోవడానికే గంట పైన పడుతుంది. దారిలో చేతిపనుల దుకాణం దగ్గర ముప్పావుగంట. తర్వాత సెనోటే, ఆపైన బఫే. చిచెన్ ఇట్సాకి చేరేసరికి అక్కడి టైము ఒంటిగంట దాటుతుంది. ఆ మైదానంలో చెట్టు నీడ అంచుల్లోనే ఉంటుంది, మధ్యలో లేదు. ఏప్రిల్, మే నెలల్లో మన రెంటచింతల ఎండలాగే ఉంటుంది, పైగా ఉక్క. అత్తగారితో ఆ వేళకి వద్దు.

ఇంకోటి. బస్సు ధరలో ప్రవేశ రుసుము ఉందో లేదో చూడండి. విదేశీయులకు అది రెండు ముక్కలు, ఒకటి కేంద్ర పురావస్తు సంస్థది, రెండోది యుకతాన్ రాష్ట్రానిది. రెండూ కలిపి మనిషికి 600 పెసోలు దాటింది. చవక టూర్లు దీన్ని ధరలో చూపించవు, బస్సు ఎక్కాక డాలర్లలో వసూలు చేస్తాయి. సొంతంగా వెళ్తే రెండు టికెట్లూ పారేయకుండా దగ్గర పెట్టుకోండి, గేటు దగ్గర రెండూ అడుగుతారు.

నిదానమేమేలు:
రాతిమెట్లు గారు బస్సు లోపాలన్నీ చెప్పారు, కారు లోపాలు ఒక్కటీ చెప్పలేదు. నేను చెబుతా.

వెబ్‌సైట్లో కనిపించే అద్దె ధరలో ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి బీమా చాలాసార్లు ఉండదు. మెక్సికోలో అది తప్పనిసరి. కౌంటర్ దగ్గర అది కలిశాక అద్దె రెండింతలైనా ఆశ్చర్యం లేదు. అమెరికా క్రెడిట్ కార్డు బీమా అద్దె కారుకి తగిలిన దెబ్బ వరకే, ఎదుటివాడి కారుకీ మనిషికీ వర్తించదు. టోల్ రోడ్డు నున్నగా ఉంటుంది కానీ మధ్యలో పెట్రోల్ బంకులు బాగా తక్కువ. బంకులో ఎప్పుడూ పనివాళ్లే పోస్తారు, పోసేముందు మీటర్ సున్నా దగ్గర ఉందో లేదో చూడాలి. టోల్ మిగుల్చుకుందామని పాత రోడ్డు పడితే ప్రతి పల్లె మొదట్లో, చివర్లో తోపే ఉంటుంది. తోపే అంటే స్పీడ్ బ్రేకరే, కానీ కొన్ని అడుగు ఎత్తున్నట్టే అనిపిస్తాయి, రంగు వెలిసిపోయి ఉంటాయి. చీకట్లో కనబడవు, చక్రం రిమ్ము వంగుతుంది. పొద్దున్నే 6:15కి బయల్దేరి రాత్రి ఎనిమిదిన్నరకి తిరిగొచ్చే డ్రైవరు మీ ఇంట్లో ఎవరు? ఆ మనిషికి ఆ రోజు పండగ కాదు, డ్యూటీ.

పైగా గైడ్ లేకుండా చిచెన్ ఇట్సా చూస్తే గడ్డిలో రాళ్లే కనిపిస్తాయి. అక్కడి పెద్ద గుడి కుకుల్కాన్ పిరమిడ్‌కి నాలుగు వైపులా ఒక్కో వైపు 91 మెట్లు, పై అరుగు కలిపితే 365 అని ఎవరో లెక్క చెబితేనే అది క్యాలెండర్ అని బాబుకి అర్థమవుతుంది. ఉత్తరపు మెట్ల ఎదురుగా నిలబడి చప్పట్లు కొడితే ప్రతిధ్వని పక్షి కూతలా ‘కీచ్’మని తిరిగొస్తుంది. ఎక్కడ నిలబడాలో చూపించేవాడు కావాలి. ఎటూ ఆ మెట్లు ఎక్కనివ్వరు, దాదాపు ఇరవై ఏళ్లుగా నిషేధం. చూడటానికి మిగిలింది వివరమే.

రాతిమెట్లు:
గైడ్ వద్దని నేననలేదే! గైడ్ గేటు దగ్గరే దొరుకుతాడు. ప్రభుత్వ గుర్తింపు కార్డు మెడలో ఉన్నవాళ్లు టికెట్ కౌంటర్ల దగ్గరే ఉంటారు, స్పానిష్, ఇంగ్లిష్ రెండూ మాట్లాడతారు. ధర గుంపుకి లెక్క, మనిషికి కాదు. ముందే మూడు మాటలు తేల్చుకోండి: మొత్తం ఎంత, పెసోలా డాలర్లా, ఎంతసేపు. రెండు గంటలు మామూలు. బస్సు గైడ్ నలభై మందికి చెబుతాడు, వెనకవాళ్లకి వినబడదు. ఇక్కడ మీ నలుగురికే చెబుతాడు. బాబు అడిగిన ప్రశ్నకి అక్కడికక్కడే ఆగి జవాబిస్తాడు.

బావిగట్టు:
గైడ్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. బస్సు గైడైనా గేటు గైడైనా, రెండు కథలు విని వెంటనే నమ్మకండి.

ఒకటి, పాతకాలపు మాయా బంతాటలో గెలిచినవాణ్ణే బలిచ్చేవారన్నది. పెద్ద బంతాట మైదానం సుమారు 168 మీటర్ల పొడవు, రాతి కడియాలు ఆరు మీటర్ల ఎత్తులో గోడకి ఉంటాయి. గోడ కింది అరుగు మీద చెక్కిన బొమ్మలు దగ్గరికెళ్లి చూడండి: తల తెగిన ఆటగాడు మోకాలి మీద ఉంటాడు, మెడలోంచి చిమ్మిన రక్తం పాములుగా మారుతుంది. బలి ఉందనడానికి అదే ఆధారం. గెలిచినవాడా, ఓడినవాడా అన్నది ఆ రాయి చెప్పదు, పండితుల్లో చర్చ ఇంకా ఉంది.

రెండోది ‘మాయా జనం మాయమైపోయారు’ అన్నది. ఆ దారిలో టోపీలు, చెక్క ముసుగులు అమ్మేవాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది మాయా భాషే. చిచెన్ అన్న పేరు కూడా వాళ్ల మాటే: బావి నోరు. ఇట్సా జనం బావి నోటి దగ్గరి ఊరు అని. ఆ బావి పిరమిడ్ నుంచి తెల్లదారి పట్టుకుని ఉత్తరంగా 300 మీటర్లు నడిస్తే వస్తుంది. అది నైవేద్యాల బావి, అందులో ఈత ఉండదు. టైము చాలక బస్సువాళ్లు మొదట వదిలేసేది దీన్నే. ఊరి పేరే దాని మీద ఉంటే దాన్ని చూడకుండా రావడమేంటి?

నా అసలు బాధ వయ్యదోలిద్ గురించి. బస్సు అక్కడ చౌరస్తా దగ్గర అరగంట ఆపుతుంది, ఐస్‌క్రీమ్‌కి, బాత్రూమ్‌కి. ఆ ఊరు అంత చిన్న విషయం కాదు. అది సాసీ అనే మాయా ఊరు. 1540లలో స్పానిష్‌వాళ్లు దాని గుళ్లు పడగొట్టి ఆ రాళ్లతోనే తమ ఊరు కట్టుకున్నారు. చౌరస్తాలో శాన్ సెర్వాసియో చర్చి చూడండి. యుకతాన్‌లో పాత చర్చిల ముఖద్వారం మామూలుగా పడమటికి ఉంటుంది, దీనిది ఉత్తరానికి. 1703లో ఈ చర్చిలో దాక్కున్నవాళ్లని లాగి చంపారు, అపవిత్రమైందని కూల్చి, 1706లో దిశ మార్చి తిరిగి కట్టారు. అక్కడి నుంచి ఫ్రాయిలేస్ వీధి వెంట నైరుతిగా పావుగంట నడిస్తే 1552లో మొదలుపెట్టిన శాన్ బెర్నార్దినో మఠం. దాని నూతి కిందున్నది కూడా సెనోటేనే, నీటి అడుగున ‘కుల యుద్ధం’ అని పేరుపడ్డ మాయా తిరుగుబాటు నాటి తుపాకులు దొరికాయి. 1847 జులైలో మనుయెల్ ఆంతోనియో ఆయ్ అనే మాయా నాయకుణ్ణి ఈ ఊళ్లోనే కాల్చి చంపారు, ఆ తర్వాత ఆ యుద్ధం అర్ధశతాబ్దం పైగా నడిచింది. దీనికి తక్కువలో తక్కువ రెండున్నర గంటలు ఇవ్వాలి.

వీసాగడప:
మధ్యలో ఒక్క మాట. భారత పాస్‌పోర్టుకి మెక్సికో వీసా కావాలి. అయితే గడువున్న అమెరికా వీసా పాస్‌పోర్టులో ఉన్నా, గ్రీన్‌కార్డున్నా అక్కర్లేదు. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరిపోయి, అమెరికాలో ఉండనిచ్చే ఆమోద పత్రం మీదే నడుస్తున్నవాళ్లు దీన్ని మర్చిపోతారు, విమానం కౌంటర్ దగ్గర ఆపేస్తారు. అత్తగారి వీసా తేదీ కూడా చూసుకోండి.

గుమ్మడిగింజ:
భోజనం గురించి ఎవరూ పట్టించుకోలేదు, పసుపుసంచి గారూ. అత్తగారికి అదే ముఖ్యం.

బఫేలో ‘బీన్స్ ఉన్నాయి, శాకాహారమే’ అంటారు. ముద్దగా వేయించిన నల్ల బీన్స్‌లో చాలాచోట్ల పంది కొవ్వు వేస్తారు, దాని పేరు మంతేకా. అన్నం కోడి ఉడికించిన నీళ్లలో వండొచ్చు. ‘సిన్ కార్నే’ అంటే మాంసం లేకుండా అనే అర్థం, కొవ్వు సంగతి అందులో రాదు. ‘సిన్ మంతేకా, సిన్ కాల్దో దె పోయ్యో, సిన్ ఉయెవో’ అని కాగితం మీద రాసి చూపించండి: కొవ్వు వద్దు, కోడి నీళ్లు వద్దు, గుడ్డు వద్దు.

నిశ్చింతగా తినగలిగింది సికిల్ పాక్. వేయించిన గుమ్మడి గింజల పొడి, కాల్చిన టమాటా, కొత్తిమీర కలిపి నూరుతారు. అచ్చం మన రోటి పచ్చడే, నువ్వుల బదులు గుమ్మడి గింజలు. మొక్కజొన్న రొట్టె ముక్కలతో ఇస్తారు, రొట్టె వేయించింది దేనిలోనో అడిగి తీసుకోండి. పక్కన వచ్చే అబనేరో మిరపకాయ పచ్చడి గుంటూరు కారం తిన్న నాలుకనీ ఏడిపిస్తుంది, బాబుని దూరంగా ఉంచండి. పపద్సూలెస్ కూడా గుమ్మడి గింజలదే కానీ లోపల ఉడికిన గుడ్డు ఉంటుంది. సాయంత్రం చౌరస్తాలో బండి మీద మార్కెసీతా అమ్ముతారు, కరకరలాడే గొట్టంలో తురిమిన చీజ్. బాబుకి ఇష్టమవుతుంది, పిండిలో గుడ్డు ఉంటుంది కాబట్టి ఆవిడకి వద్దు.

పసుపుసంచి:
మంచి వివరాలు, అందరికీ ధన్యవాదాలు. రాత్రి డ్రైవింగ్ నాకు ఇష్టం లేదు. బస్సు టైములూ నచ్చలేదు. మూడో దారి ఏదైనా ఉందా? సెనోటే అత్తగారికి కష్టమా?

రాతిమెట్లు:
ఉంది. నాలుగు రాత్రుల్లో ఒకటి వయ్యదోలిద్‌కి మార్చండి. ముందురోజు మధ్యాహ్నం కాంకూన్ నుంచి ‘ఆదో’ (ADO) అనే కంపెనీ బస్సులో వయ్యదోలిద్ చేరండి, ఏసీ బస్సు, సీటు నంబరు ఉంటుంది. సాయంత్రం ఊరు, మఠం. మర్నాడు 7 గంటలకి టాక్సీ. చిచెన్ ఇట్సా 45 కిలోమీటర్ల లోపే, 7:45కి గేటు దగ్గర. కొలెక్తీవో అనే షేర్ వ్యాన్లు చవక, కానీ నిండితేనే కదులుతాయి, పొద్దున్నే వాటిని నమ్ముకోవద్దు. పదకొండుకల్లా బయటికొచ్చేయండి. మనిషికి లీటరున్నర నీళ్లు, టోపీ తప్పదు. ఆదివారం వద్దు, మెక్సికో వాళ్లకి ఆ రోజు కేంద్ర పురావస్తు సంస్థ రుసుము ఉండదు, కిక్కిరిసిపోతుంది.

శిథిలాలకి దగ్గర్లోని సెనోటే ఇక్ కిల్. నీళ్లు నేల మట్టానికి సుమారు 26 మీటర్ల కింద, రాతిలో తొలిచిన మెట్లు తడిగా ఉంటాయి. దిగేముందు షవర్ తప్పనిసరి, సన్‌స్క్రీన్ కడిగేసుకోవాలి, అందరికీ లైఫ్ జాకెట్ ఇస్తారు. అత్తగారు కిందికి దిగక్కర్లేదు, పైన అంచు నుంచే గుండం కనిపిస్తుంది. మోకాళ్లు బాగుంటే వయ్యదోలిద్ ఊరి నడుమనే సాసీ సెనోటే ఉంది, అక్కడా మెట్లున్నాయి కానీ దారి మెల్లగా దిగుతుంది.

నిదానమేమేలు:
రాత్రి అక్కడుంటే నాకూ అభ్యంతరం లేదు. కానీ అందరికీ ఆ వెసులుబాటు ఉండదు. కాంకూన్ హోటల్‌కి డబ్బు ముందే కట్టేసి, ఒక్క రోజే చేతిలో ఉన్నవాళ్లు ఇది చదువుతారు. వాళ్లకి బస్సే సరి, కాకపోతే కొనేముందు నాలుగు అడగాలి: చిచెన్ ఇట్సా మొదటి ఆగుడా? లోపల ఎంతసేపు? ప్రవేశ రుసుము ధరలో ఉందా? దుకాణం ఆగుళ్లు ఎన్ని? ‘పొద్దున్నే ప్రవేశం’ అని అమ్మే చిన్న వ్యాన్ టూర్లు ఉన్నాయి, ధర ఎక్కువ, పన్నెండు పదిహేను మందే ఉంటారు. బఫే బస్సుకీ వీటికీ చాలా తేడా ఉంది. రెండింటినీ ఒకే గాటన కట్టి ‘బస్సు వద్దు’ అనడం నేనొప్పుకోను.

బావిగట్టు:
ఆ వ్యాన్లు కూడా వయ్యదోలిద్‌కి ముప్పావుగంటే ఇస్తాయి. మఠం చూడటానికి అది చాలదు. అంతే ఇస్తామంటే చౌరస్తాలో కూర్చోకుండా దిగగానే మఠం దారి పట్టండి.

పసుపుసంచి:
వయ్యదోలిద్‌లో ఒక రాత్రి ఖాయం చేశాం. తిరుగు బస్సు సాయంత్రం 4కి చూశా. కాంకూన్‌లో 7:30కి ఒకరిని కలవాలి, అందుతుందా?

రాతిమెట్లు:
అందదండి. టికెట్ మీది 4 వయ్యదోలిద్ టైము, అప్పటికే కాంకూన్‌లో 5. ప్రయాణం రెండు గంటల పైనే, బస్‌స్టాండ్ నుంచి హోటళ్ల వీధికి ఇంకో అరగంట. 2 గంటల బస్సు చూడండి. ఫోన్ గడియారం సరిహద్దు దగ్గర దానంతట అదే మారుతుంది, చేతి గడియారం మారదు. అత్తగారి గడియారం కాంకూన్ టైములోనే ఉంచేయండి, తిరిగొచ్చేటప్పుడు పనికొస్తుంది.