ఒంటరి గిటారా, బోసి గిటారా?

మిత్రులారా, ఒక మాట కోసం చాలాకాలంగా వెతుకుతున్నాను. రాత్రి పనులన్నీ ముగిశాక దీపం తగ్గించుకుని బ్లూస్ (అమెరికా నల్లజాతివారి దిగులు పాటల సంగీతం) గిటారు వినడం నా అలవాటు. పాట ఉండకూడదు, వాద్యం ఒక్కటే ఉండాలి. ఆ వాద్యం కూడా తొందరపడకూడదు. ఒక స్వరం మోగి, పూర్తిగా ఆరిపోయేదాకా ఆగి, అప్పుడు రెండోది రావాలి. ఇంగ్లీషులో ఈ తీరును ‘లోన్‌సమ్’ అంటారు. నచ్చినవన్నీ ఒక జాబితాగా పెట్టుకుని, దానికి తెలుగులో పేరు రాయబోయి ఆగిపోయాను.

‘విషాద సంగీతం’ అందామంటే అది ఏ వాద్యానికైనా, ఏ ఏడుపుకైనా సరిపోయే పేరు. ‘ఒంటరి’ అంటే లెక్క తెలుస్తుంది, పక్కన మరొకరు లేరని. ‘ఏకాంతం’ కోరి తెచ్చుకునేది, అందులో హాయి ఉంది. ‘విరహం’లో రావలసిన మనిషి ఎవరో ముందే తెలుసు. ‘బెంగ’ చాలా దగ్గరికి వచ్చింది కానీ, బెంగ కూడా ఎవరి మీదో పెట్టుకునేదే. నేను వినే సంగీతంలో ఆ ‘ఎవరి మీద’ అన్నది ఉండదు. పైగా ఇంగ్లీషులో మనిషే కాదు, దారీ రైలు కూతా కూడా లోన్‌సమ్ కావచ్చు. ‘ఒంటరి కూత’ అంటే మనకు ఏమైనా స్ఫురిస్తుందా?

ఉదాహరణగా ఒకటి చెబుతాను. బ్లైండ్ విల్లీ జాన్సన్ అనే అంధ గాయకుడు 1927 డిసెంబరు 3న డల్లాస్‌లో రికార్డు చేసిన ‘డార్క్ వజ్ ది నైట్, కోల్డ్ వజ్ ది గ్రౌండ్’. మూడు నిమిషాల పైచిలుకు. తీగ మీద స్వరం కింది నుంచి పాకుతూ వస్తుంది, చేరవలసిన చోటు అందీ అందకముందే వణుకుతుంది. తరువాత ఆయన గొంతు కలుపుతాడు కానీ ఒక్క మాటా పలకడు. గొంతు ఎత్తుకున్నదాన్ని గిటారు అందుకుంటుంది, గిటారు వదిలినదాన్ని గొంతు అందుకుంటుంది. 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకల్లో పంపిన బంగారు రికార్డులోని 27 సంగీత భాగాల్లో ఇదొకటి. దీన్ని ఒక్క తెలుగు మాటలో ఏమంటారు?

వ్యాఖ్య:
‘నీలిరాగం’ అనవచ్చు కదండీ? బ్లూస్‌కు మక్కీకి మక్కీగా సరిపోతుంది.

వ్యాఖ్య:
మక్కీకి మక్కీ కావడమే చిక్కండీ. ఇంగ్లీషు నీలానికి దిగులు అంటుకుని ఉంది. మన నీలానికి ఆ దిగులు లేదు. నీలమేఘం అంటే వాన, నీలమేఘశ్యాముడు అంటే కృష్ణుడు. ‘నీలిరాగం’ అనగానే తెలుగు చెవికి చల్లదనం తోస్తుంది తప్ప గుండె బరువెక్కదు. ‘గుబులు’ పరిశీలించండి.

ప్రశ్న అడిగినవారు:
గుబులులో భయం పాలు ఎక్కువండీ. ఏదో జరగబోతోందన్న అలజడి అది. ఈ సంగీతంలో జరగవలసింది ఎప్పుడో జరిగిపోయింది.

వ్యాఖ్య:
చోటు కూడా లోన్‌సమ్ కావచ్చు అన్నారు కనుక చెబుతున్నాను. చోటుకు మనకొక మాట ఉంది: బావురుమనడం. పిల్లలు సెలవులు అయిపోయి వెళ్లిపోయాక ‘ఇల్లు బావురుమంటోంది’ అంటాం. నాకు ఈ ప్రయోగం ఎప్పుడూ ఆశ్చర్యమే. ‘బావురుమని ఏడ్చింది’ అన్నప్పుడు అది పెద్ద చప్పుడు. అదే మాట ఇంటికి వాడితే చప్పుడే లేకపోవడం. నిశ్శబ్దం చెవులు హోరెత్తేంత పెద్దదయితే దాన్ని కూడా ఏడుపుగానే విన్నారు మనవాళ్లు. మీరు చెప్పిన ‘స్వరం పూర్తిగా ఆరిపోయేదాకా ఆగడం’ ఇదే కదా?

ప్రశ్న అడిగినవారు:
చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అయితే నా జాబితాలో అన్నీ దీని కిందికి రావు. గిటారు వాద్యకారుడు రాయ్ బుకానన్ 1972 నాటి ‘ది మెసయ్య విల్ కమ్ అగైన్’ ఉంది. మొదట నెమ్మదిగా నాలుగు మాటలు చెబుతాడు, ఆ తరువాత టెలీకాస్టర్ గిటారు నిజంగానే బావురుమంటుంది, వెక్కిళ్లతో సహా. జాన్సన్‌ది అలా కాదు. ఆయన ఏడవడు.

వ్యాఖ్య:
అయితే ‘బోసి’ చూడండి. బోసి మెడ, బోసి నోరు. ఊరికే ఖాళీ అయితే బోసి అనం, ఉండవలసినది లేకపోతేనే అంటాం. ఖాళీ గది వేరు, బోసిపోయిన గది వేరు. పెళ్లి అయిన మర్నాటి పందిరి బోసిపోతుంది. పందిరి వేయని ముంగిలి బోసిగా ఉండదు.

ఇంకొక మాట. జాన్సన్ ఎత్తుకున్నది ఒక పాత ఇంగ్లీషు భక్తిగీతం. దాని మొదటి పాదమే ఆ రికార్డు పేరు. గీతానికి మాటలున్నాయి, ఆయన వాటిని తీసేసి ఊపిరి ఒక్కటే మిగిల్చాడు. అంటే వినేవారికి మాటలు ఉండవలసిన చోటు తెలుస్తూనే ఉంటుంది, మాటలు మాత్రం ఉండవు. బోసి అంటే అదే. అన్నట్టు, ఆయన పాడినవన్నీ దైవగీతాలే. బ్లూస్ గాయకుడు అనడం కొంత సవరించుకోవాలి, వాయించే తీరు మాత్రం బ్లూస్‌దే.

వ్యాఖ్య:
నాకు సంగీతం కొద్దిగా తెలుసు కనుక స్వరం సంగతి కలుపుతాను. బ్లూస్‌లో గాంధారం, అంటే సరిగమల్లోని ‘గ’, సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఎక్కడో నిలబడుతుంది. గిటారు మెట్ల మీద ఆ చోటు లేదు. తీగను పక్కకు లాగి, లేదా గాజు గొట్టమో లోహపు కడ్డీయో తీగ మీద జార్చి దాన్ని పట్టుకోవాలి. ఈ రెండో పనికి మాట కోసం వెతకనక్కరలేదు, మన గమకాల్లో ‘జారు’ ఉండనే ఉంది. ‘స్లైడ్ గిటారు’ను ‘జారు గిటారు’ అనడానికి నాకేమీ అభ్యంతరం లేదు. అమెరికా గిటారు వాద్యకారుడు రై కూడర్, మోహనవీణ (జార్చి వాయించడానికి మలచిన గిటారు) వాయించే విశ్వమోహన్ భట్ కలిసి 1993లో తెచ్చిన ‘ఎ మీటింగ్ బై ది రివర్’ వినండి. ఇద్దరి జారూ పక్కపక్కనే వినిపిస్తుంది. అక్కడ మాత్రం బోసితనం లేదు, ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటున్నారు.

ప్రశ్న అడిగినవారు:
ఆ రై కూడరే 1984లో ‘పారిస్, టెక్సాస్’ సినిమాకు జాన్సన్ బాణీని ఆధారం చేసుకుని సంగీతం కట్టాడు. అందులో గొంతు కూడా పోయింది, గిటారు ఒక్కటే మిగిలింది. జాన్సన్ తీసేసిన మాటల తరువాత కూడర్ ఊపిరిని కూడా తీసేశాడన్నమాట. నా జాబితాకు ‘బోసి గిటారు’ అని పేరు మార్చేశాను, మొదటి రెండూ ఇవే.

వ్యాఖ్య:
ఫ్లీట్‌వుడ్ మాక్ బృందం వారి 1968 నాటి ‘ఆల్బట్రాస్’ (అదొక సముద్రపక్షి పేరు) చేర్చలేదా? పీటర్ గ్రీన్ గిటారు. అంత నెమ్మదైనది మరొకటి లేదు.

ప్రశ్న అడిగినవారు:
విన్నానండీ, ఎన్నిసార్లో. అలల మీద తేలినట్టు ఉంటుంది. కానీ దానికి నేను పక్కన పెట్టిన ‘ఏకాంతం’ సరిగ్గా సరిపోతుంది. ఆ పక్షికి ఎవరూ తక్కువ కాలేదు. దానికి వేరే జాబితా తెరిచాను.

ఇక నాకు మిగిలిన చిక్కు ఒక్కటే, పెద్దలెవరైనా సాయం చేయాలి. జాన్సన్ గొంతుతో చేసేదాన్ని ఏమనాలి? ‘కూనిరాగం’ అంటే హుషారు వచ్చి కూర్చుంటుంది. ‘మూలుగు’ అంటే ఒంటినొప్పి. ఆ రెండింటికీ నడుమ, పెదవులు మూసుకునే పలికే ఆ ధ్వనికి మీ ఇళ్లలో ఏదైనా మాట వినేవారా?

వ్యాఖ్య:
మా అమ్మమ్మ విసుర్రాయి తిప్పుతూ అలాగే చేసేది. ఏమిటని అడిగితే ‘ఏమీ లేదమ్మా, ఊరికే’ అనేది. దానికి పేరు పెట్టడం నేనెప్పుడూ వినలేదు.