నర్సింగ రాజ్యం ఎవరిది?

ప్రశ్న (తిరుపతి నుంచి): అందరికీ నమస్కారం. గ్రూప్స్‌కి చదువుతున్న మా మేనల్లుడు నిన్న రాత్రి ఒక సందేహం అడిగినాడు. "మామా, పోర్చుగీసువాళ్ళు విజయనగరాన్ని నర్సింగ రాజ్యం అని ఎందుకు రాసినారు? పలకడం రాకనా?" అని. నాకు తెలియలేదు. పెద్దలు చెప్పగలరా?

జవాబు: అయ్యా, మీ మేనల్లుడు మంచి ప్రశ్న అడిగినాడు. పలకడం రాక కాదు. అది ఊరి పేరు కాదు, రాజు పేరు. ఆ రాజు మీ పక్కనున్న చంద్రగిరి నుంచి వెళ్ళినవాడే.

చంద్రగిరిని ఏలుతున్న సాళువ నరసింహుడు 1485లో విజయనగర సింహాసనం ఎక్కినాడు. 1535 ప్రాంతంలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు యాత్రికుడు ఫెర్నావో నూనిజ్, ఈ రాజు పేరు మీదే రాజ్యాన్ని నర్సింగ అంటున్నారని రాసినాడు. ఊరిని మాత్రం "బిస్నగ" అన్నాడు. అంటే ఊరికొక పేరు, దేశానికొక పేరు ఉన్నాయన్నమాట.

ఇక మాట సంగతి. సింహము ప్రకృతి, సింగము వికృతి అని మనం బడిలో చదువుకున్నదే. నరసింహ అన్నది నరసింగ కావడం మన నోట్లోనే జరిగింది. శాసనాల్లోనూ నరసింగరాయ అనే రూపం కనబడుతుంది. మరి "నర్‌సింగ" అని నడుమ అకారం ఎక్కడికి పోయింది? ఈరోజుకీ మనం నరసింహులును నర్సింహులు అని పిలవడం లేదా? నూనిజ్ ఈ పేరును తాటాకు చూసి కాదు, జనం పలికింది విని రాసుకున్నట్టుంది. అందుకే ఆ రాతను అపభ్రంశమని కొట్టిపారేస్తే నాకు బాధ కలుగుతుంది. అయిదు వందల ఏళ్ళ నాటి మన ఉచ్చారణ అందులో వినబడుతోంది.

చిత్తూరు నుంచి ఒక అక్క: అన్నా, ఒక చిన్న అభ్యంతరం. వాస్కో ద గామా కాలికట్‌లో దిగింది 1498లో. సాళువ నరసింహుడు 1491లోనే పోయినాడు. చనిపోయిన రాజు పేరు వీళ్ళకెట్లా తెలుస్తుంది? ఆయన తర్వాత కొడుకు ఇమ్మడి నరసింహుడు, ఆ తర్వాత 1505 నుంచి 1509 దాకా తుళువ వీరనరసింహుడు. వరసగా అందరూ నరసింహులే కదా. పేరు వాళ్ళ వల్ల నిలిచిందేమో?

జవాబు: అమ్మా, మీరు చెప్పింది నిజం. అదే పేరు మళ్ళీ మళ్ళీ రావడంతో అది గట్టిపడింది, ఒప్పుకుంటాను. అయితే మొదటాయన పేరు రేవుల దాకా ఎట్లా పాకిందో నూనిజ్ రాసిన ఒక ముచ్చట వల్ల తెలుస్తుంది. నాకు చాలా ఇష్టమైన భాగమది.

సాళువ నరసింహుడికి గుర్రాలు కావాలి. హొర్ముజు నుంచీ ఏడెన్ నుంచీ ఓడల మీద తెప్పించుకునేవాడు. వెయ్యి పరదావులకు మూడు గుర్రాల లెక్కన, బతికినవైనా చచ్చినవైనా కొనేవాడట. దారిలో సముద్రం మీద చచ్చిపోతే తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న గుర్రానికి ఇచ్చినంతా ఇచ్చేవాడట! ఇట్లాంటి బేరం ఇచ్చే రాజు పేరు ఏ వర్తకుడైనా మరిచిపోతాడా? పోర్చుగీసువాళ్ళు రాకముందే పడమటి తీరంలో గుర్రాల వ్యాపారుల నోళ్ళలో ఆ పేరు నలిగి ఉంటుందని నా నమ్మకం.

అక్కడ "పరదావు" అన్నారు చూడండి. అది "ప్రతాప" అనే మన బంగారు నాణెం పేరు. వీరప్రతాప బిరుదులోని ప్రతాపమే. ప్ర పలకడం కష్టమై పర అయింది. మన పల్లెల్లో ప్రకాశాన్ని పరకాశం అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ప్రశ్న అడిగిన ఆయన: చాలా సంతోషం సార్. మరి బిస్నగలో బకారం ఎందుకొచ్చింది?

జవాబు: విజయ అన్నది బిజయ అయింది. 1443లో హీరాత్ (నేటి అఫ్ఘానిస్తాన్) నుంచి అక్కడి పాలకుడు షారుఖ్ రాయబారిగా వచ్చిన అబ్దుర్ రజాక్ అప్పటికే "బిజానగర్" అన్నాడు. ఆయనకంటే ముందు వచ్చిన ఇటలీ యాత్రికుడు నికొలో కాంటి రాతలో "బిజెనెగాలియా" అని ఉంది. ముగ్గురిలోనూ బకారమే. బహుశా మన నోటి నుంచి నేరుగా కాక పారశీకం మాట్లాడే వర్తకుల మీదుగా అందిన పేరు అయ్యుండాలి.

మహామంత్రి సాళువ తిమ్మరుసు పేరు కూడా చూడండి. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేజ్ "తెమెర్సెయ" అన్నాడు, నూనిజ్ "సల్వతినెయ" అన్నాడు. ఒకాయన చెవిన తిమ్మరసు పడింది, ఇంకొకాయన చెవిన సాళువ తిమ్మయ్య పడినట్టుంది. ఎదుట ఉన్న పెద్దాయనను అయ్య చేర్చకుండా ఎవరు పిలుస్తారు?

చిత్తూరు అక్క: మా అమ్మమ్మ దేవుణ్ణి నర్సింగసామి అనేది అన్నా. బళ్ళో అట్లా రాస్తే తప్పని కొట్టేసినారు నాకు.

జవాబు: తప్పు కాదమ్మా. చంద్రగిరి చుట్టుపక్కల పల్లెల్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఇంకా నర్సింగసామి, నర్సింగరాయుడు అంటుంటే, ఏ ఊరో చెప్పి ఇక్కడ రాయండి. వాళ్ళ గొంతు ఫోన్‌లో రికార్డు చేసి పెడితే ఇంకా మేలు.