టేక్ సిక్స్ పాటలో మధ్య గొంతులు విడదీసి వినడం ఎలా?

టేక్ సిక్స్ అనే అమెరికన్ గాయక బృందం 1988 నాటి మొదటి ఆల్బమ్‌లోని ‘ఎ క్వైట్ ప్లేస్’ని గుడ్ ఫ్రైడేకి మా చర్చి క్వయర్‌తో పాడించాలని చూస్తున్నాను. వాయిద్యాల్లేవు, ఆరు గొంతులే. పై గొంతు, బేస్ (అన్నిటికన్నా కింది గొంతు) విని రాసేసుకున్నాను. మధ్య నాలుగే కొరుకుడు పడటం లేదు. జాజ్ కార్డులు (ఒకేసారి పలికే స్వరాల గుంపులు) కదా, స్వరాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతాయి.

ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలో శ్రుతి మారకుండా వేగం సగానికి తగ్గించి విన్నాను. గొంతును, వాయిద్యాలను విడగొట్టే యాప్‌లో వేస్తే పాట మొత్తాన్నీ ‘వోకల్స్’లో పడేసి మిగతా ట్రాకులు ఖాళీగా ఇచ్చింది (న్యాయమే మరి!). ఈక్వలైజర్‌లో 200 హెర్ట్జ్ కింద కోసేస్తే బేస్ తగ్గింది గానీ మధ్యలో ముద్ద అలాగే ఉంది. ఎడమ, కుడి ఛానెళ్లు విడివిడిగా విన్నా లాభం లేదు.

కీబోర్డు మీద ఒక్కో కార్డు దగ్గర ఆపి వెతికితే స్వరాలు నాలుగూ దొరుకుతున్నాయి. తర్వాతి కార్డుకి వెళ్లేటప్పుడే చిక్కు. నేను ఊహించి రాసిచ్చిన వరసలు పాడుతుంటే మా టెనార్లు (హెచ్చు స్థాయి మగ గొంతులవాళ్లు) ఒకరి లైన్‌లోకి ఒకరు జారిపోతున్నారు.

ఇంత దగ్గరి హార్మనీని చెవితో విని రాసినవాళ్లు చెప్పండి: కార్డు మారేచోట ఏ మధ్య గొంతు ఏ స్వరానికి వెళ్లిందో ఎలా పట్టుకుంటారు?