గిత్తను అమ్మేసి మా ఆవిడకు చెప్పాలా, చెప్పాక అమ్మాలా?

కొండపి రైతు:

మాది కొండపి దగ్గర పల్లె. పొగాకు వేస్తాం, ఆకు కాల్చే బ్యారన్ ఒకటి ఉంది. పెళ్లయి పదమూడేళ్లు, ఇద్దరు ఆడపిల్లలు. మా ఆవిడ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది.

నాకు తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్న పిచ్చల్లా ఎడ్లే. తాత నాటి నుంచీ మా ఇంట్లో ఒంగోలు గిత్తలు ఉండేవి. ట్రాక్టర్ వచ్చాక నాన్న అమ్మేశాడు. ఆ రోజు ఖాళీ చావిట్లో కూర్చుని ఏడవడం నాకింకా గుర్తుంది. రెండేళ్ల కింద పక్క ఊరి స్నేహితుడితో కలిసి బండలాగుడు పందేల కోసం ఒక గిత్తను కొన్నాను. అప్పటికి అది రెండు పళ్లు వేసిన కుర్ర గిత్త. నా వాటా 1,40,000. వేలంలో పొగాకు బేళ్లు అమ్మిన డబ్బు బ్యాంకులో పడగానే తీసిచ్చాను. ఇంట్లో మాత్రం బ్యాంకోళ్లు పంట అప్పు కింద పట్టుకున్నారని చెప్పాను.

గిత్త స్నేహితుడి చావిట్లోనే ఉంటుంది. అది వాళ్లదేనని మా ఆవిడ అనుకుంటోంది. ఉలవలు, పత్తిగింజలు, తవుడు, చూసుకునే కుర్రాడి జీతం కలిపి నెలకు 6,000 నా వంతు. ఎరువుల కొట్లో పాత బాకీ కడుతున్నానని చెబుతూ వచ్చాను.

పోయిన నవంబరులో బ్యారన్ కప్పు, గొట్టాలు బాగుచేయించాల్సి వచ్చింది. చేతిలో డబ్బు లేదు. నేను అడక్కుండానే మా ఆవిడ డ్వాక్రా గ్రూపులో 50,000 తీసి నా చేతిలో పెట్టింది. ఆ కిస్తీ, నెలకు 2,600, తను జాకెట్లు కుట్టి కడుతోంది. సంక్రాంతికి ముందు రాత్రి ఒంటిగంట దాకా మిషన్ మీదే ఉంది. నేను పక్క గదిలో పడుకుని ఆ చప్పుడు వింటున్నాను. మర్నాడు పందెంలో మా గిత్తకు మూడో బహుమతి వచ్చింది. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

ఇప్పుడు ఒకాయన గిత్తకు మంచి రేటు ఇస్తానంటున్నాడు. అమ్మేసి, డబ్బు తన చేతిలో పెట్టి, అప్పుడు జరిగిందంతా చెబితే కోపం కొంచెం తగ్గుతుందని నా ఆశ. అలా చేయొచ్చా?

ఒంగోలు కుర్రోడు:

అన్నా, అమ్మేయి. ఈసారి పొగాకుకు రేటు బాగా పలికిందని చెప్పి డబ్బు ఇచ్చేయి. తెలియని దానికి బాధ ఉండదు. సంసారంలో ప్రశాంతత ముఖ్యం.

వేదాయపాళెం నుంచి:

పై తమ్ముడి మాట దయచేసి వినొద్దన్నా. ఆ ప్రశాంతత ఎలా ఉంటుందో నేను చూశాను.

మా ఆయన స్నేహితులతో కలిసి విడవలూరు వైపు రొయ్యల గుంట లీజుకు తీసుకున్నారు. వనామీ రొయ్య పిల్ల వేశారు. తెల్లమచ్చ రోగం తగిలి యాభై రోజులకే గుంట ఎత్తేశారు. ఇవేవీ నాకు తెలియదు. బంగారం వేలం వేస్తామని నోటీసు ఇంటికి వచ్చినప్పుడు తెలిసింది. అవి మా అమ్మవాళ్లు పెట్టిన గాజులు, నాలుగు సవర్లు. బీరువాలో డబ్బా ఉన్నచోటే ఉంది, లోపల ఏమీ లేదు. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం భార్య సొంతమేనని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పిందట. ఆ మాట అప్పుడు తెలిసుంటే ఇంకా గట్టిగా నిలదీసేదాన్ని.

అంతకన్నా బాధ ఏంటంటే, ఆయన కంతులవారీగా చెప్పారు. మొదట రెండు సవర్లే అన్నారు. వారం తర్వాత నాలుగూ అన్నారు. నెల తర్వాత 80,000 చేబదులు బయటపడింది. ప్రతిసారీ "ఇంతే, ఇంకేం లేదు" అన్నారు. గాజులు తర్వాత విడిపించారు. అయినా ఇప్పటికీ ఇంటికి కవరు వస్తే నాకు టెన్షనే.

కాబట్టి లెక్కంతా ఒక కాగితం మీద రాయండి. లారీ కిరాయిలు, పందెం రోజు పెట్టిన భోజనాలు కూడా వదలొద్దు. ఒక్కసారే చెప్పండి. ఇంకో మాట: ఆ గిత్త మీదేనని మీ స్నేహితుడి ఇంట్లో తెలుసు, ఆ కుర్రాడికి తెలుసు, పందేలకొచ్చే వాళ్లందరికీ తెలుసు. వదినకొక్కదానికే తెలియదు. ఇంకెవరి నోటో వినకముందే మీరు చెప్పాలి.

కలిగిరి పొదుపు సంఘం:

అబ్బాయ్, నేను ముప్పయ్యేళ్లకు పైగా పొదుపు సంఘంలో ఉన్నదాన్ని. దూబగుంట మాకు దగ్గరే. 1992లో ఆ ఊరి ఆడవాళ్లు సారా మీద తిరగబడేటప్పటికి నాకు పెళ్లయిన కొత్త. ఆ తర్వాతే మేము రోజుకు రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టాం. ఆ రూపాయిని బియ్యం డబ్బాలో మొగుడి కంట పడకుండా దాచేవాళ్లం. కనబడితే సారాకు పోయేది. అందుకే దాచావని నిన్ను వెంటనే తిట్టలేను. మేం దాచింది భయంతో. నీ భార్యంటే నీకు భయం లేదు, వద్దంటుందేమోనన్న అనుమానం ఉంది. ఆ వద్దనే హక్కు ఆమెకు లేకుండా చేశావు.

గ్రూపు అప్పు సంగతి నీకు తెలుసో లేదో. తీర్మానం రాసి సభ్యులందరం సంతకాలు పెడితేనే బ్యాంకు ఇస్తుంది. ఒకరు కట్టకపోతే మిగతావాళ్లం సర్దాలి. బ్యారన్‌కు డబ్బు లేదన్న నీ మాట నమ్మి ఆమె అందరి ముందూ పూచీపడింది.

చెప్పాకే అమ్ము. అమ్మేసి చెబితే, కొన్నప్పుడు అడగనట్టే అమ్మేటప్పుడూ అడగలేదని అవుతుంది. అమ్మాలో ఉంచాలో ఆమెను కూడా చెప్పనీ.

కొండపి రైతు:

అందరికీ దండాలు. ఆదివారం పిల్లలు అమ్మమ్మ ఇంటికి వెళ్లినప్పుడు చెప్పాను. కొన్నది 1,40,000, రెండేళ్ల మేపు 1,44,000, చిల్లర ఖర్చులు విడిగా రాసిన కాగితం ఇచ్చాను.

తను రెండుసార్లు చదివింది. అరవలేదు. "అయితే ఎరువుల కొట్లో బాకీ అసలు లేదా?" అని ఒక్కటే అడిగింది. లేదన్నాను. ఆ కొట్టాయన ఎదురుపడితే ఏం చెప్పాలో తెలియక ఇన్నాళ్లూ గుడి వెనక సందులోంచి తిరిగి వెళుతున్నానని చెప్పింది. పిల్లల్ని బడికి దింపడానికి కూడా ఆ సందే. రెండేళ్లు అదే ఇంట్లో ఉండి నేను అది గమనించలేదు. అప్పుడు ఏడుపు ఆగలేదు నాకు.

నాలుగు రోజులు అవసరానికి తప్ప మాట్లాడలేదు. గ్రూపు కిస్తీ ఈ నెల నుంచి నేనే కడుతున్నాను. ఆ వీధిలోకి తనతోపాటు నేనూ వెళ్లి, మాకు బాకీ లేదని కొట్టాయన చేతే చెప్పించాను. నిన్న సాయంత్రం తనే "బండి తియ్యి, దాన్ని చూడాలి" అంది. తీసుకెళ్లాను. చావిట్లో గిత్త ముందు చాలాసేపు నిలబడింది. మూపురం మీద చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకుంది. వచ్చేటప్పుడు దారిలో ఉలవలు కొంటున్నారా, మన చేలో వేస్తే సరిపోదా అని అడిగింది.

అమ్మే మాట తను ఇంకా తేల్చలేదు. బేరానికి వచ్చినాయనకు మా ఇంట్లో అడిగి చెబుతానన్నాను.